అర్షీన్ ఇచ్చిన పాసులు

అర్షీన్‌కు కోపం తొందరగా రాదని ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. సిద్దిపేటలో ఒక ప్రైవేటు బడిలో ఆమె ఆటల టీచరు. పిల్లలు వరుస తప్పినా, గ్రౌండుకు చెప్పులేసుకుని వచ్చినా గొంతు పెంచదు. వాళ్లు చెప్పేది నిజమే, ఆమెకు కోపం తొందరగా రాదు. కానీ వచ్చిన కోపం పోదు. పదిహేడేళ్ల వయసులో వచ్చిన కోపం ఒకటి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా ఆమెలో అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఆమె తల్లికి చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. చెప్పుకుంటే ఎక్కడ తగ్గిపోతుందోనని చెప్పలేదు.

తండ్రి అఫ్సర్‌ది మోటార్ వైండింగ్ దుకాణం. ముందుగది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. కోహెడ నుంచి, జగదేవ్‌పూర్ నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ట్రాలీ ఆటోల్లో వేసుకొచ్చి ఆ గుమ్మం ముందు దించిపోతారు. అర్షీన్ చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని రాగితీగ చుట్టేది. ఒక చెయ్యి తీగను బిగించి పట్టాలి, ఇంకో చెయ్యి చుట్టాలి, అరగంటకోసారి చేతులు మార్చుకోవాలి. అట్లా ఆమెకు ఎడమచెయ్యి కుడిచెయ్యితో సమానంగా తయారైంది. పదకొండేళ్లప్పుడు ఇంటికి దగ్గర్లోని సిమెంటు కోర్టులో మొదటిసారి బంతిని నేలకు కొట్టినప్పుడు, అక్కడ పిల్లలకు పైసలు తీసుకోకుండా ఆట నేర్పే వినయ్ సార్ గమనించింది ఆ ఎడమచెయ్యినే.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా నీకు?" అని అడిగాడు.

"ఎవరు నేర్పలే సార్. మా అబ్బా మోటార్లు చుడ్తడు."

ఆయనకు అర్థం కాలేదు గానీ, మర్నాటి నుంచి ఆమెను పాయింట్ గార్డ్‌గా తయారు చేయడం మొదలుపెట్టాడు. బంతిని ఇవతల నుంచి అవతలికి తీసుకుపోయేది, ఎవరు ఎటు కదలాలో చూసేది, ఎవరి చేతికి ఏ క్షణంలో ఇవ్వాలో తేల్చేది పాయింట్ గార్డే. మిగతా నలుగురూ ఆ మనిషి చేతిని బట్టి ఆడతారు. అర్షీన్ మాటకు ఇంట్లో గానీ బడిలో గానీ పెద్ద విలువ ఉండేది కాదు. బంతి చేతిలో ఉన్నంతసేపు మాత్రం తనకంటే పెద్ద పిల్లలు కూడా ఆమె కళ్లవైపు చూసేవాళ్లు. ఆ రుచి మరిగింది. ఐదేళ్లు ఆ కోర్టులో ఆమె మాటే సాగింది.

ఆరో ఏడు కృతిక వచ్చింది.

కృతిక తండ్రి ప్రభాకర్‌ది కోహెడ. ఊళ్లో పొలాలున్న పటేలు. సిద్దిపేటలో ఇల్లు కట్టి ప్లాట్ల వ్యాపారంలోకి, ఆ తర్వాత మండల రాజకీయాల్లోకి దిగాడు. కూతురు హైదరాబాద్ హాస్టల్లో చదివి, అక్కడే ఆట నేర్చుకుని, ఇంటర్‌కు సిద్దిపేట వచ్చింది. ఆమె కూడా పాయింట్ గార్డే. అర్షీన్‌కంటే పొడుగు, వేగం కూడా ఎక్కువ. బంతి లేకపోతే ఏం చేయాలో ఆమెకూ తెలియదు. మొదటివారం ఇద్దరూ ఒకే బంతి కోసం ఎదురెదురుగా చేతులు చాపి నిలబడేవాళ్లు.

"ఒక బాల్‌కు ఇద్దరు డ్రైవర్లయిన్రు" అని వినయ్ సార్ తల పట్టుకున్నాడు. ఒకరోజు ఒకరికి, ఇంకోరోజు ఇంకొకరికి పగ్గాలు ఇచ్చి చూశాడు. కోర్టులో పోటీ ఉన్నా బయట ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒకే సీసాలో నీళ్లు తాగేవాళ్లు. కృతిక తన పాత బూట్లు ఇస్తే అర్షీన్ రెండు జతల సాక్సులు తొడిగి వేసుకునేది.

ఎనిమిదేళ్ల కింద జూన్‌లో హైదరాబాద్‌లో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపికలు పెట్టారు. రంజాన్ నెల. ఎంపికైన పిల్లలకు అక్కడే మంచి కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు, హాస్టలు. అర్షీన్ ఆ సీటు కోసం ఏడాదంతా పొద్దున ఐదింటికి లేచింది. సిద్దిపేట నుంచి బస్సులో పోతుంటే దారిలో ప్రజ్ఞాపూర్ దగ్గర ఆపారు. అందరూ హోటల్లోకి పోయారు. అర్షీన్ దిగలేదు. ఆమెకు ఆ రోజు రోజా లేదు. నెలలో ఆ నాలుగు రోజులు ఆడవాళ్లకు ఉపవాసం ఉండదు. అట్లాగని అందరి ముందు కూర్చుని తినలేదు. ఆ సంగతి ఆమె ఒక్క కృతికకే చెప్పింది. కృతిక పోయి కాగితంలో పరోటా కట్టించుకుని వచ్చింది. ఇద్దరూ చివరి సీటులో తలలు వంచి చెరి సగం తిన్నారు.

ఎంపిక ఆట మొదలయ్యే ముందు వినయ్ సార్ అర్షీన్‌ను పిలిచాడు. "నువ్వు కార్నర్ల నిలవడు. ఎక్కువ ఉరుకకు. బాల్ కృతిక తెస్తది."

అది ఎత్తుగడ అనుకుంది. ఆట మధ్యలో మారుస్తాడనుకుంది. ఆయన మార్చలేదు. ఆట పొడుగూతా ఆమె కోర్టు మూలన చేతులు చాపి నిలబడింది. బంతి ఏడుసార్లు వచ్చింది. ఆ ఏడుసార్లూ ఆమెకు ఇప్పటికీ గుర్తే. సాయంత్రం చదివిన పేర్లలో కృతిక పేరుంది, అర్షీన్ పేరు లేదు.

తిరుగు బస్సులో సార్ ఆమె పక్కన కూర్చుని ఓదార్చాడు. "రోజా పట్టి గంత ఎండల నిలవడ్డవ్, గదే గొప్ప బిడ్డా. కృతిక ముందుగాల్నే చెప్పింది, 'సార్, అర్షీన్ రోజా ఉన్నది, కండ్లు తిరిగి పడ్తది, ఉరికియ్యకుండ్రి' అని. లేకుంటే నాకేం ఎర్క?"

అర్షీన్ ముందు సీటు వైపు చూసింది. నాకు రోజా లేదు సార్ అంటే, ఎందుకు లేదని అడుగుతాడు. ఆ జవాబు ఆయనకు చెప్పడం ఆమె వల్ల కాదు. ఆ సంగతి కృతికకు తెలుసు. ముందు సీటులో కృతిక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సిద్దిపేట వచ్చేదాకా తల తిప్పలేదు.

ఆ తర్వాత ఇద్దరి దారులు వేరైపోయాయి. కృతిక హైదరాబాద్ కాలేజీకి పోయింది, రాష్ట్ర జట్టుకు ఆడింది, పేపర్లో రెండుసార్లు ఫొటో పడింది. అర్షీన్ సిద్దిపేటలోనే డిగ్రీలో చేరింది. రెండో ఏడు తండ్రి చేతివేళ్లు మోటారు షాఫ్టులో పడి నలిగాయి. తల్లి కుల్సుం దవాఖానలో ఆయన దగ్గర ఉంటే, దుకాణంలో తీగ చుట్టే పని అర్షీన్ మీద పడింది. డిగ్రీ ఆగిపోయింది. తండ్రి చెయ్యి నయమయ్యాక బడిలో ఆటల టీచరుగా చేరింది. ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా బతికింది. సాయంత్రాలు మాత్రం వినయ్ సార్ కోర్టుకు పోయేది. పెళ్లయినవాళ్లు, ఉద్యోగస్తులు కలిసిన జిల్లా మహిళల జట్టుకు ఆమే పాయింట్ గార్డ్, ఆమే కెప్టెన్.

గత డిసెంబరులో జిల్లాల మధ్య మహిళల పోటీలు సిద్దిపేటలోనే పెట్టారు. పోటీలకు మూడు వారాల ముందు వినయ్ సార్ ఆమెను పక్కకు పిలిచాడు.

"కృతిక వస్తనంటుంది. మన జిల్లాకు ఆడ్తదట."

అర్షీన్ బూటు లేసు కట్టుకుంటూ ఉంది. తల ఎత్తలేదు.

"మోకాలు ఆపరేషన్ అయ్యి రెండేండ్లాయె. ఉన్న టీముల నుంచి తీసేసిన్రు. ఇప్పుడు ఏదో సర్కారు సంస్థ కొత్తగ ఆడోళ్ల టీము కడ్తున్నదట, ఉద్యోగం గూడ ఇస్తరట. డిగ్రీ ఉండాలె. చూసెటందుకు మేడమ్ ఒకామె వస్తుంది. ఆమె ముంగట ఆడాలె." ఆయన ఆగాడు. "నువ్వు కెప్టెన్‌వి. నీ మాట కావాలె నాకు. ఇద్దరు కలిసి ఆడగల్గుతరా?"

"ఎందుకు ఆడం సార్" అంది అర్షీన్. "రమ్మను."

ఆ రోజు ఇంటికి పోతూ ఆమె నవ్వుకుంది. ఎనిమిదేళ్లలో ఆమె ఎన్నో రకాలుగా ఊహించుకుంది. బజార్లో ఎదురుపడితే ఏమనాలి, వాళ్ల ఇంటికే పోయి తండ్రి ముందు అడిగితే ఎట్లా ఉంటుంది అని. ఏదీ సరిపోయేట్టు కనిపించలేదు. ఇప్పుడు కృతికే నడిచి వచ్చి, తన బతుకును అర్షీన్ చేతిలోని బంతికి అప్పగించింది.

మొదటి ప్రాక్టీసుకు కృతిక మోకాలికి నల్లటి పట్టీ కట్టుకుని వచ్చింది. "ఎట్లున్నవ్ అర్షీన్?" అంది. "మంచిగున్న. నీ మోకాలు ఎట్లుంది?" అని అడిగింది అర్షీన్. బంతిని అటూ ఇటూ వేసి, ఆ మోకాలు ఎటు పోవడానికి జంకుతుందో రెండు రోజుల్లో చూసి పెట్టుకుంది. కుడికాలు. ఎడమ పక్కకు ఒక్కసారిగా దూకాల్సి వచ్చినప్పుడు ఒక చిన్న తడబాటు.

నాలుగోరోజు ఆమె అనుకోనిది జరిగింది. సార్ ఇద్దరినీ ఒక పక్కన పెట్టి ఆడించాడు. అర్షీన్ బంతి తెచ్చి కృతికకు ఇచ్చి, ఊరికే నిలబడలేక బోర్డు కిందికి పరుగెత్తింది. కృతిక చూడకుండానే బంతిని వెనక్కి వదిలింది, అది వచ్చి అర్షీన్ అరచేతిలో పడింది. బాస్కెట్. తర్వాత కృతిక తెచ్చింది, అర్షీన్ మూలకు జరిగింది, ఇద్దరు ఆమె వైపు వస్తే కృతికకు దారి దొరికింది. మళ్లీ బాస్కెట్. ఒకరు ఇచ్చి కదలడం, ఇంకొకరు తీసుకుని తిరిగి ఇవ్వడం. పదిహేను నిమిషాలు అవతలివాళ్లకు బంతి ఎక్కడుందో అంతు పట్టలేదు.

అవతలి పక్క ఆడుతున్న నవత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె పోలీసు కానిస్టేబులు, జట్టులో అందరికంటే పొడుగు. "ఏందే ఇది, ఎవరిని వట్టుకోవాల్నో తెలుస్తలేదు" అని నవ్వింది.

"గిట్లనే. గిట్లనే ఆడాలె" అంటూ వినయ్ సార్ పిల్లాడిలా చేతులు రుద్దుకున్నాడు.

కృతిక ముఖం వెలిగిపోయింది. అర్షీన్ కుళాయి దగ్గరికి పోయి ముఖం మీద నీళ్లు కొట్టుకుంది. అప్పటిదాకా పోగొట్టుకున్నది ఒక సీటు, ఒక హాస్టలు అనుకుంది. ఇది కూడా పోయిందని ఆ రోజే తెలిసింది. ఆ ఒక్క అబద్ధం లేకపోతే ఇద్దరూ ఎనిమిదేళ్లు ఇట్లా ఆడి ఉండేవాళ్లు. కలిసి ఆడగలమా అని ఇక ఎవరినీ అడగక్కర్లేదు, ఆడగలరు. చూడ్డానికి వచ్చే మేడమ్‌కు మాత్రం ఆ సంగతి తెలియనివ్వకూడదని అక్కడే నిశ్చయించుకుంది. అంతకుముందు ఆమెది కోపం. ఆ కుళాయి దగ్గర అది పగ అయింది.

మొదటి ఆట నిజామాబాద్ జట్టుతో. సిమెంటు మెట్ల మీద జనం బాగానే ఉన్నారు. టోపీ పెట్టుకున్న మేడమ్ ముందువరుసలో ఒడిలో ఫైలుతో కూర్చుంది. మూడు వరుసల వెనక ప్రభాకర్, ఆయన వెంట నలుగురు మనుషులు.

అర్షీన్ బంతిని దాచుకోలేదు. అదే ఆమె తెలివి. ఆ రోజు ఆమె కృతికకు ఇచ్చినన్ని పాసులు ఎన్నడూ ఎవరికీ ఇవ్వలేదు. కృతిక ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క క్షణం ఆగేది. అవతలి పిల్ల చెయ్యి చాపే దూరానికి వచ్చాక వదిలేది. లేదా రొమ్ము ఎత్తున రావాల్సిన బంతిని చీలమండ దగ్గరికి విసిరేది. లేదా కృతిక కుడివైపు కదులుతుంటే ఎడమవైపు, చేతికి జానెడు అవతల వేసేది, ఆ కుడి మోకాలి మీద బలమంతా మోపి వెనక్కి దూకితే తప్ప అందకుండా. మెట్ల మీద కూర్చున్నవాళ్లకు కనిపించేది ఒక్కటే. కెప్టెన్ బంతి ఇస్తూనే ఉంది, పటేలు బిడ్డ పోగొడుతూనే ఉంది.

మూడోసారి జారినప్పుడు ఎవరో ఈల వేశారు. ఆరోసారి, "చేతికి నూనె వెట్టుకొచ్చిందారా" అని ఒకడు అరిస్తే పదిమంది నవ్వారు. కృతిక మోకాలు పట్టుకుని వంగి లేచింది. అర్షీన్ పోయి ఆమె భుజం తట్టింది. అది కూడా జనం చూశారు.

పదకొండుసార్లు బంతి పోయింది. అయినా నిజామాబాద్ జట్టు బలహీనమైంది కాబట్టి సిద్దిపేట నాలుగు పాయింట్లతో గెలిచింది. మేడమ్ ఏదో రాసుకుంది.

ఆట తర్వాత కృతిక కుళాయి దగ్గరికి వచ్చింది. పట్టీ విప్పిన మోకాలు వాచి ఉంది.

"కావాల్నని జేస్తున్నవ్ గదా" అంది.

"పాస్ ఇస్తున్న. వట్టుకోవుడు నీ పని."

"అర్షీన్, నాకు తెల్వదా? మొన్న నాకు కండ్లు మూసుకున్నా అందేటట్టు ఇచ్చినవ్. ఇయ్యాల ఒక్కటి సక్కగ రాలే."

అర్షీన్ సీసా మూత నిదానంగా బిగించింది. "ప్రజ్ఞాపూర్ల నా పక్కకు కూసోని సగం పరోటా తిన్నవ్. నాకు రోజా లేదని నీకు ఎర్కే. సార్‌కు ఏమని జెప్పినవ్?"

కృతిక ముఖం పాలిపోయింది. గుర్తు లేదని అంటుందని అర్షీన్ అనుకుంది. ఆ మాటకు జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకుంది. కృతిక అట్లా అనలేదు.

"ఎర్కే" అంది మెల్లగా. "ఎర్క ఉండే జెప్పిన. బాల్ నీ చేతుల ఉంటే నేను ఎవరికి కనవడనని భయమైంది. పదిహేడేండ్లు అప్పుడు నాకు."

"నాకు గూడ పదిహేడే."

కుళాయి కింద నీళ్లు కారుతూనే ఉన్నాయి. "తప్పయింది" అంది కృతిక. "శానసార్లు జెప్పాల్ననుకున్న. రేపు సార్‌కు నేనే జెప్త. ఈ ఉద్యోగం రాకుంటే నాకు ఇంకోటి లేదు అర్షీన్. మోకాలు ఇట్లున్నంక ఎవరు పిలుస్తరు?"

"సార్‌కు ఏం జెప్పొద్దు. చెప్తే అయిపోతది" అని అర్షీన్ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నడుస్తుంటే ఒళ్లు తేలికగా ఉంది. దారిలో ఆగి తల్లికి ఇష్టమని ఖర్జూరాలు కొన్నది.

సెమీఫైనల్ వరంగల్ జట్టుతో. ఆట మొదలయ్యే ముందు కృతికే సార్ దగ్గరికి పోయి చెప్పింది. "బాల్ అర్షీన్ తెస్తది సార్. నేను కార్నర్ల నిలవడ్త." సార్ ఇద్దరి ముఖాలూ చూశాడు, సరేనన్నాడు.

ఆమె అన్నంత పనీ చేసింది. బంతి అడగలేదు, అరవలేదు. మూలకు పోయి, చేతులు రొమ్ము ముందు చాపి నిలబడింది. అర్షీన్ మరో పక్క నుంచి ఆడించింది. మొదటి రెండు క్వార్టర్లలో కృతిక చేతికి బంతి ఒక్కసారి వచ్చింది, అదీ నవత నుంచి. ఆమె అక్కడి నుంచే వేస్తే మూడు పాయింట్లు పడ్డాయి. అర్షీన్ దాన్ని చూడనట్టే ఉంది. ముందురోజు తప్పుడు పాసులు ఇచ్చింది. ఈ రోజు అవి కూడా లేవు.

విరామంలో నవత ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. "ఆమె ఖాళీగ ఉన్నది. మేమందరం చూస్తున్నం. మీ ఇద్దరి పంచాయితీ ఏందో నాకు తెల్వది, గని డ్యూటీకి సెలవు వెట్టి వచ్చిన నేను. మీ పంచాయితీల నేనెందుకు ఓడిపోవాలె?"

"ఓడిపోం" అంది అర్షీన్.

"ఎట్ల?"

"ఓడిపోం అంటున్న గదా."

పద్నాలుగు సెకన్లు ఉన్నాయనగా సిద్దిపేట ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి అర్షీన్ చేతిలో ఉంది. వరంగల్ వాళ్లు ఇద్దరు ఆమె మీదికి వచ్చారు. మూలన కృతిక ఒక్కతే ఉంది, ఆమె చుట్టూ పది అడుగుల్లో ఎవరూ లేరు. జనం లేచి నిలబడి "కార్నర్, కార్నర్" అని అరుస్తున్నారు. అర్షీన్ ఆమె కళ్లలోకి సూటిగా చూసింది. కృతిక వేళ్లు విచ్చుకున్నాయి. అర్షీన్ బంతిని అటు ఇస్తున్నట్టు భుజం తిప్పింది, మీదున్న ఇద్దరూ ఆ వైపు తూలారు. ఎడమచేత్తో వాళ్ల మధ్యలోంచి బోర్డు కిందున్న నవతకు వదిలింది. నవత పైకి లేచి వేసింది. గంట మోగింది.

గెలిచారు. నవత ఆమెను ఎత్తుకుని తిప్పింది. ఆ తిప్పడంలో అర్షీన్‌కు మెట్లు కనిపించాయి, ఫైలు మూసి సంచిలో పెట్టుకుంటున్న మేడమ్ కనిపించింది. మూలన కృతిక ఇంకా చేతులు దించలేదు.

జనం పోయాక వినయ్ సార్ మెట్ల మీద కూర్చుని ఆమెను పిలిచాడు. ఆయన ముఖంలో గెలిచిన కళ లేదు.

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న ఆట. నాకు కనవడదనుకున్నవా?"

అర్షీన్ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

"మేడమ్ అడిగింది. ఈ పిల్ల వేరే గార్డ్‌తోని కలిసి ఆడ్తదా అని. ఏమని జెప్పాలె నేను? నీ చేతుల వెట్టిన గదా ఆమెను."

అప్పుడు అర్షీన్ చెప్పింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఒక మగమనిషికి, నేల చూపులు చూడకుండా చెప్పింది. బస్సు, పరోటా, ఆ నాలుగు రోజులు, అన్నీ. వినయ్ సార్ విన్నాడు. చాలాసేపు బూటు కొనతో సిమెంటు మీద గీస్తూ కూర్చున్నాడు.

"నిన్ను అడగకపోతిని" అన్నాడు చివరికి. "ఆమె ఒక మాట జెప్తే, నిన్నొక మాట అడగాల్నని నాకు తట్టకపాయె."

"అడిగినా చెప్పకపోదును సార్ అప్పుడు."

"అయినా అడగాలె గదా." ఆయన లేచాడు. ఆమె క్షమించమంటుందని కాసేపు చూశాడు. ఆమె అనలేదు. "రేపు ఫైనల్. కరీంనగర్ వాళ్లు నీ మీద ఇద్దరిని వెడ్తరు, ముగ్గురిని వెడ్తరు. పోయి ఆమెను రమ్మను."

"నేను పోను సార్."

ఆయనే ఫోన్ చేశాడు. ఎన్నిసార్లు చేసినా అవతల ఎత్తలేదు. ఫైనల్‌కు కృతిక రాలేదు.

ఫైనల్లో కరీంనగర్ వాళ్లు మొదటి నిమిషం నుంచే అర్షీన్ మీద ఇద్దరిని పెట్టారు. ఆమె బంతిని ఎవరికి ఇచ్చినా అది ఆగిపోయి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేది. కూర్చునే వీల్లేదు, ఊపిరి తీసుకునే వీల్లేదు. మూడో క్వార్టర్‌కు పిక్కలు బిగుసుకుపోయాయి. ఎవరైనా ఒక్కరు ఆ బంతిని ఆమె చేతిలోంచి తీసుకుని అవతలికి తీసుకుపోతే చాలు, ఒక్క నిమిషం. అట్లా తీసుకుపోగలిగిన మనిషి జిల్లాలో ఒక్కతే ఉంది. పద్నాలుగు పాయింట్లతో ఓడిపోయారు. నవత ఆమెతో మాట్లాడకుండా బండెక్కి పోయింది. వారం తర్వాత వినయ్ సార్ కెప్టెన్‌గా నవత పేరు రాశాడు. అర్షీన్ ఎందుకని అడగలేదు.

కృతికకు ఆ ఉద్యోగం రాలేదు. ఆ కబురు విన్న రోజు అర్షీన్ బడిలో పిల్లలకు లాంగ్‌జంప్ గుంటలో ఇసుక సర్దుతోంది. విని, సర్దడం పూర్తిచేసింది. సంతోషమే కలిగింది. అబద్ధమెందుకు, మధ్యాహ్నం అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఫిబ్రవరిలో, పొలాలకు నీళ్లు పారే రోజుల్లో, ప్రభాకర్ కాలిపోయిన మోటారును ట్రాలీ ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చాడు. ఆదివారం కాబట్టి అర్షీన్ తండ్రి పక్కనే కూర్చుని తీగ చుడుతోంది.

"అఫ్సర్ భాయ్, మూడు దినాలల్ల కావాలె. వరి ఎండిపోతుంది" అని స్టూలు మీద కూర్చున్నాడు. అర్షీన్‌ను చూసి గుర్తుపట్టాడు. "నువ్వే గదా బిడ్డా కెప్టెన్‌వి. మా పిల్లకు కలిసి రాకపాయె ఈసారి."

"అవునంకుల్" అంది అర్షీన్.

"నేను మెట్ల మీద కూసోని అంత చూసిన. నువ్వొక్కదానివే మా పిల్లకు బాల్ ఇచ్చినవ్. మొదటి ఆటల ఎన్నిసార్లు ఇచ్చినవో. దానిదే తప్పు, వట్టుకోలేకపాయె. ఇంటికొచ్చి గూడ నీ మీద ఒక్క మాట అనలే అది." ఆయన స్టూలు మీద కొంచెం ముందుకు జరిగాడు. "మంచిదానివి బిడ్డా. గది జెప్పాల్నని అనుకుంటున్న అప్పటిసంది."

అర్షీన్ చేతిలో తీగ వదులైంది. బిగించి పట్టుకుంది. కృతిక తండ్రికి కూడా చెప్పలేదన్నమాట. చెబితే ఈయన బడికి వచ్చి తన ఉద్యోగం తీయించగలడు. "చాయ్ తాగుతరా అంకుల్?" అని అడిగింది, లేచి పోవడానికి ఒక సాకు కావాలి కాబట్టి.

ఆయన చాయ్ తాగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి పోయాడు. ట్రాలీ ఆటో చప్పుడు సందు చివరిదాకా వినిపించింది. అఫ్సర్ నలిగిన వేళ్లతో మోటారు మూత విప్పుతూ, ఇంటి ఉర్దూలో కూతుర్ని అడిగాడు, ఆ పటేలు పిల్ల ఆట నిజంగా అంత చెడ్డగా ఉంటుందా అని.

"లేదు అబ్బా" అంది అర్షీన్. "మంచిగ ఆడుతది. నాకంటే మంచిగ ఆడుతది."

మరి నువ్విచ్చిన బంతులు ఎందుకు పట్టుకోలేకపోయిందని ఆయన అడగబోయాడు. ఆమె అప్పటికే మాడిన తీగను కత్తెరతో కోసి బయటికి లాగుతోంది.